సండేస్కూలు టీచర్లు కూడా గురువులే

సంపాదకులు గారికి నమస్కారం.

సెప్టెంబర్ 5న గురువుల గురించి మీరు వేసిన పేజీలు మొదటి నుంచి చివరిదాకా వదలకుండా చదివాను. లెక్కలు చెప్పిన మాస్టారు, ఆటలు నేర్పిన పీఈటీ సారు, సంగీతం గురువు, మెకానిక్ షెడ్డులో పని నేర్పిన మేస్త్రీ, ఇలా పాఠకులు తమ గురువులను తలచుకుంటూ రాసినవి చదువుతుంటే రెండు మూడు చోట్ల నాకు కళ్లు చెమర్చాయి. ఒక్క లోటు మాత్రం కనిపించింది. ప్రతి ఆదివారం పొద్దున, జీతం లేకుండా, పేరు లేకుండా, చాప పరిచి పదిమంది పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని బైబిలు పాఠం చెప్పే సండేస్కూలు టీచర్ గురించి ఒక్క ముక్క లేదు. ఇది మీ తప్పని నేను అనడం లేదు. మా క్రైస్తవ సంఘాల్లో మేమే వాళ్లను గుర్తుపెట్టుకోవడం మానేశాం, ఇక మీకు ఎవరు చెబుతారు? అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే అయింది, ఓపిగ్గా చదవండి.

మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. నేను మండల ఆఫీసులో పనిచేస్తాను, ఇరవై రెండేళ్లుగా సండేస్కూలు చెబుతున్నాను. నాకు ఆ పని నేర్పింది ఎవరో, ఎలా నేర్పిందో చెబితే నేను అనుకుంటున్నది మీకు తేలిగ్గా అర్థమవుతుంది.

ఆమెను ఊరంతా టీచరమ్మ అనేవాళ్లు. నిజానికి బడిలో టీచర్ కాదు, ఐదో తరగతి వరకే చదివింది, ఇంట్లో మిషన్ కుట్టేది. ఆరాధన పదిన్నరకి అయితే ఆమె ఎనిమిదిన్నరకే గుడికి వచ్చి ఊడ్చి, రెండు చాపలు పరిచి, గోడకు ఒక బొమ్మ తగిలించేది. ఆమె చేతిలో బైబిలుతో పాటు ఎప్పుడూ ఒక రూళ్ల నోటుబుక్కు ఉండేది. అందులో మా అందరి పేర్లు, పక్కన హాజరు. ఎవరైనా రాకపోతే వాళ్ల గడిలో చుక్క పెట్టేది, సోమవారమో మంగళవారమో వాళ్లింటికి వెళ్లొచ్చి ఆ చుక్క పక్కన ఎందుకు రాలేదో రాసేది. జ్వరం. మేనమామ పెళ్లి. చెప్పులు లేవు. నాన్న తాగొచ్చి కొట్టాడు. మీరు నమ్మండి నమ్మకపోండి, మా ఊళ్లో ఏ ఇంట్లో ఏం జరుగుతోందో పంచాయతీకి తెలియనిది ఆ నోటుబుక్కుకు తెలుసు, ఆ నోటుబుక్కులో ఉన్నది మాత్రం టీచరమ్మ నోటి వెంట బయటకు వచ్చేది కాదు.

నాకు పదకొండేళ్లప్పుడు క్రిస్మస్ ముందు ఒక సంగతి జరిగింది. కొవ్వొత్తుల కోసం పిల్లలమంతా తలా రూపాయి తెచ్చి ఇచ్చాం, ఆమె ఆ డబ్బులు ఒక పౌడరు డబ్బాలో వేసి గుడి బల్ల మీద పెట్టింది. మా ప్రాక్టీసు అయిపోయేసరికి డబ్బా లేదు. ఆ సాయంత్రం చివరిగా గుడిలోంచి వచ్చింది నేను, దానికి తోడు అంతకు ముందు వారమే పక్కమ్మాయి రిబ్బను తీసి దొరికిపోయి ఉన్నాను. టీచరమ్మ అందరి ముందు నా వైపు చూసి, "తీసి ఉంటే ఇచ్చెయ్యమ్మా, ఎవరికీ చెప్పను" అంది. తిట్టలేదు, గట్టిగా కూడా అనలేదు. కానీ అందరూ నా వైపు తిరిగారు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. ఇంకెప్పుడూ గుడికి పోనని అమ్మతో చెప్పేశాను.

రెండో రోజు సాయంత్రం చీకటి పడుతుండగా టీచరమ్మ మా ఇంటి ముందుకు వచ్చి నిలబడింది. మా నాన్న అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. అమ్మ కంగారుగా మంచం వాల్చి కూర్చోమంటే ఆమె కూర్చోలేదు. "డబ్బా దొరికింది. గుడి తాళం వేసే తాత జాగ్రత్త కోసమని తీసి పరదా వెనక పెట్టాడంట. నేను తొందరపడి నీ మీద అనుమానపడ్డాను. నాది తప్పు. నన్ను క్షమించమ్మా" అని నాతో అంది. నాతో, మా నాన్నతో కాదు. మా అమ్మ అడ్డం వచ్చి, "అయ్యో, అమ్మగారూ, చిన్నపిల్ల దగ్గర మీరు క్షమాపణ అడగడమేంటండీ" అంటే, "మాట పడింది ఆ పిల్లే కదమ్మా" అంది. వచ్చే ఆదివారం పాఠం మొదలుపెట్టకముందే, ఎవరి ముందైతే నన్ను అనుమానించిందో వాళ్లందరి ముందు ఇదే మాట మళ్లీ చెప్పింది.

నాకు ఇప్పుడు యాభై నాలుగేళ్లు. క్షమాపణ మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను, కొన్ని చాలా బాగున్నాయి, ఒక్కటీ గుర్తులేదు. ఆఫీసులో నా చేతి కింద పనిచేసే అబ్బాయి మీద ఒకసారి తప్పుగా అరిచాను, ఫైలు నా సొరుగులోనే ఉంది. ఆ రోజు ఇంటికెళ్లిపోదామనుకుని బస్టాండ్ దాకా వెళ్లి వెనక్కి వచ్చి ఆ అబ్బాయికి, అందరూ ఉండగానే, నాదే తప్పని చెప్పాను. అప్పుడు నా కళ్ల ముందు మెదిలింది ఏ వాక్యమూ కాదు. మా ఇంటి ముందు చీకట్లో కూర్చోకుండా నిలబడ్డ టీచరమ్మ.

నేను చెప్పదలచుకున్నది ఇదే. క్రైస్తవ విశ్వాసంలో మనిషి నడవడిక మారేది మైకు ముందు కాదు. దగ్గరగా కూర్చుని మన పేరు, మన ఇల్లు, మన బలహీనత తెలిసిన ఒక మనిషి వల్ల మారుతుంది. ఆ మనిషి తప్పు చేసినప్పుడు ఏం చేస్తాడో మనం కళ్లారా చూడగలగాలి. అపొస్తలుడైన పౌలు కొరింథీ సంఘానికి రాస్తూ ఇదే అన్నాడు, "క్రీస్తునందు మీకు ఉపదేశకులు పదివేలమంది యున్నను తండ్రులు అనేకులు లేరు" అని. పదివేలు అన్న మాట ఈ రోజు ఫోన్ తెరిచిన ప్రతిసారీ నాకు గుర్తొస్తుంది. ఉపదేశాలకు కొదవ లేదు. వేలు పెట్టి పైకి జరిపితే చాలు, ఒకాయన పోతే ఇంకొకాయన వస్తాడు. వాళ్లలో ఒక్కరికైనా నా క్లాసులో ఉన్న పిల్లాడి పేరు తెలుసా?

బైబిలులో గురువుల గురించి అడిగితే మనవాళ్లు వెంటనే మోషే, యెహోషువ అంటారు, ఏలీయా, ఎలీషా అంటారు. నాకు మాత్రం బర్నబా ఇష్టం. ఆయన అసలు పేరు యోసేపు, అపొస్తలులు పెట్టిన పేరు బర్నబా, మన తెలుగు బైబిలులో దానికి హెచ్చరిక పుత్రుడు అని అర్థం చెప్పారు. నిన్నటిదాకా విశ్వాసులను జైల్లో వేయించిన సౌలు, అంటే తర్వాత పౌలు అయినవాడే, మారానని యెరూషలేము వస్తే అందరూ భయపడి దూరంగా ఉన్నారు, బర్నబా ఒక్కడే అతన్ని వెంటబెట్టుకుని అపొస్తలుల దగ్గరకు తీసుకెళ్లాడు. ఆ తర్వాత మార్కు అనే కుర్రాడు. మొదటి సువార్త ప్రయాణంలో పంఫూలియలో పౌలు, బర్నబాలను వదిలేసి ఇంటికి వెళ్లిపోయాడు. రెండో ప్రయాణానికి బర్నబా వాణ్ణి మళ్లీ తీసుకెళదామంటే పౌలు కుదరదన్నాడు. మాటా మాటా పెరిగింది, ఇద్దరూ విడిపోయారు. పౌలు సీలను తీసుకుని ఒక దారిన, బర్నబా మార్కును తీసుకుని ఓడెక్కి కుప్రకు, అంటే సైప్రస్ దీవికి. కుప్రలో ఏం జరిగిందో బైబిలులో ఒక్క ముక్క లేదు. నేను ఎన్నోసార్లు ఆ ఖాళీ దగ్గర ఆగిపోతాను. ఒకసారి పారిపోయిన కుర్రాడితో బర్నబా ఏం మాట్లాడి ఉంటాడు, వాడు మళ్లీ వెనకాడితే ఏమని ఉంటాడు, ఎన్ని రాత్రులు వాడితో కూర్చుని ఉంటాడు. తెలియదు. తెలిసిందల్లా ఏమిటంటే, చాలా ఏళ్ల తర్వాత జైల్లో ఉన్న పౌలు, తన చివరి పత్రికలో, అంటే ఉత్తరంలో, మార్కును వెంటబెట్టుకుని రమ్మని, అతను నాకు పరిచర్యలో పనికొస్తాడని తిమోతికి రాశాడు. ఎవణ్ణయితే పనికిరాడన్నాడో వాణ్ణే. మధ్యలో పనిచేసింది బర్నబా. ఆయన రాసిన పత్రికలేవీ మన బైబిలులో లేవు, ఆయన తీర్చిదిద్దిన మనుషులు ఉన్నారు.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మన పెద్దలకు బాగా అవసరం. ఎఫెసులో అపొల్లో అనే గొప్ప వక్త ఉండేవాడు. బ్రహ్మాండంగా మాట్లాడతాడు, కానీ ఒక విషయంలో అవగాహన సగమే. అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తలు, డేరాలు కుట్టుకుని బతికేవాళ్లు, ఆయన ప్రసంగం విన్నారు. సభలో లేచి తప్పు పట్టలేదు, ఊరంతా చాటలేదు. ఆయన్ని దగ్గరకు తీసుకుని దేవుని మార్గం మరింత పూర్తిగా వివరించి చెప్పారు. మా టీచరమ్మ కుట్టుమిషన్ మనిషి కాబట్టేమో, ఈ పాఠం చెప్పేటప్పుడు ఆమె ముఖం వెలిగిపోయేది. పిల్లవాడు ఎంత తప్పు చేసినా, నలుగురిలో సరిదిద్దితే మొండికేస్తాడనీ, విడిగా కూర్చోబెట్టుకుంటే కరుగుతాడనీ ఆమె మేము టీచర్లమయ్యాక కూడా మాకు చెబుతూ ఉండేది, ఒక్కసారి తను ఆ పని చేయలేకపోయానని కూడా.

ఇదంతా ఎక్కడో రెండు వేల ఏళ్ల కిందటి మాట అనుకోకండి. మన నేల మీద సంఘం పుట్టిందే ఇలా. మా ఒంగోలు ప్రాంతంలో అడిగితే అందరూ క్లౌ దొర పేరు చెబుతారు. జాన్ ఎవరెట్ క్లౌ, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, 1866లో ఒంగోలు వచ్చి స్థిరపడ్డాడు. ఆయన గొప్పవాడే, కాదనను. కానీ పల్లెల్లోకి దారి వేసింది ఎర్రగుంట్ల పేరయ్య గారు. మాదిగ కులంలో పుట్టి తోళ్ల వ్యాపారం చేసుకునే మనిషి. క్రైస్తవుడు కాకముందే ఒక స్త్రీ గురువు దగ్గర యోగమార్గం నేర్చుకుని, తనకంటూ శిష్యులున్న గురువు ఆయన. వ్యాపారం కోసం గోదావరి వైపు వెళ్లినప్పుడు అక్కడ సువార్త విన్నాడు, 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత వాళ్లు చేసిందేమిటి? సభలు పెట్టారా, పందిళ్లు వేశారా? తోళ్ల మనిషిగా తనకు తెలిసిన ఊళ్లకే, చుట్టాల ఇళ్లకే వెళ్లి, వాకిట్లో కూర్చుని మాట్లాడారు. ఒక గురువుకు శిష్యుడిగా ఉండటం ఎలాగో, ఒక శిష్యుణ్ణి ఓపిగ్గా నడిపించడం ఎలాగో ఆ మనిషికి ముందే తెలుసు. మన పల్లెల్లో గురుశిష్య సంబంధం ఎంత లోతుగా ఉండేదో దొరలకన్నా ఆయనకు బాగా తెలుసు. నా ఉద్దేశంలో ఒంగోలు సంఘం అంత బలంగా వేళ్లూనడానికి అది పెద్ద కారణం.

1876-78 కరువు గురించి వినే ఉంటారు. జనం ఆకులు అలములు తిని బతికారు. అప్పుడు క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. పనిమీద అజమాయిషీకి పెట్టింది తన దగ్గరున్న తెలుగు బోధకులనే. పగలంతా వాళ్లు జనంతో పాటే మట్టిలో ఉండేవాళ్లు, పని ఆపి కూర్చున్నప్పుడు పక్కనే కూర్చుని మాట్లాడేవాళ్లు. కూలి ఎగ్గొట్టని మేస్త్రీని, బూతులు తిట్టని మేస్త్రీని ఆ జనం ఎంతమంది అంతకుముందు చూసి ఉంటారు? ఆ మేస్త్రీ చెప్పే దేవుడి గురించి వినాలనిపించిందంటే ఆశ్చర్యమేముంది. ఇంకో సంగతి గమనించండి, కరువు సాయం నడిచినన్నాళ్లూ, ఏడాదికి పైగా, ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, తిండి కోసం వచ్చేవాళ్లు రాకూడదని. సాయం పనులు ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ అంకె మాత్రం మన వాళ్లకు కంఠతా వచ్చు, ప్రతి సభలో చెబుతారు. ఆ నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది తెలుగు బోధకులేనన్న సంగతి, వాళ్లు అంతకు ముందు ఏళ్ల తరబడి ఆ ఊళ్లు తిరిగారన్న సంగతి చెప్పరు.

దోర్నకల్ అజరయ్య గారి మాట కూడా ఒక్కటి గుర్తుచేస్తాను. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన తమిళుడు, మన మధ్యకు వచ్చి తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యాడు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడింబరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగితే ఆ దొరలందరి ముందు నిలబడి ఆయన చెప్పిన మాటకు ఇప్పటికీ విలువ తగ్గలేదు. బీదలకు మీ ఆస్తులిచ్చారు, మీ ప్రాణాలు కూడా ఇచ్చారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. బోధకులను పంపండి అనలేదు, స్నేహితులను ఇవ్వండి అన్నాడు. దోర్నకల్‌కు వచ్చాక ఆయన చేసింది కూడా అదే. పల్లెలకు పంపే ఉపదేశులను తయారుచేశాడు, వాళ్ల భార్యలకు కూడా చదువు చెప్పించాడు. ఎందుకంటే పల్లెలో జనం వినేది ఉపదేశి ప్రసంగమే అయినా చూసేది ఆ ఇంట్లో మొగుడు పెళ్లాం ఎలా ఉంటున్నారు, పిల్లల్ని ఎలా పెంచుతున్నారు, అప్పు తీరుస్తున్నారా లేదా అనే. మీ మధ్య ఉన్న నాలుగు దయ్యాలు ఏవి అని ఆయన పల్లెల్లో అడిగేవాడట, మురికి, రోగం, అప్పు, తాగుడు అని జవాబు. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా ఆదివారం ఒక గంట ప్రసంగంతో పోయేది కాదని ఎవరికైనా తెలుసు. పక్క వీధిలో కాపురమున్న ఒక మనిషి, రోజూ కనిపించే మనిషి కావాలి.

ఇక ఇప్పటి సంగతికి వస్తాను. కొంచెం ఘాటుగా ఉంటుంది, మన్నించాలి.

మా చుట్టుపక్కల సంఘాల్లో సౌండు సిస్టం కొనడానికి లక్షలు పోగవుతాయి, కీబోర్డు, డ్రమ్స్ వస్తాయి, సభలకు ఫ్లెక్సీలు ఊరి మొదట్నుంచి చివరిదాకా కడతారు. సండేస్కూలుకు మాత్రం బొమ్మల చార్టు కొనాలంటే టీచరు తన చేతి డబ్బులు పెట్టుకోవాలి. వేసవిలో వీబీఎస్, అంటే పిల్లల సెలవుల బైబిలు బడి, పది రోజులు జరిగితే ఆ పది రోజులూ సంబరమే, ఆ తర్వాత ఏడాదంతా పిల్లలను ఎవరు చూస్తున్నారని ఏ కమిటీలోనూ ఎవరూ అడగరు. పాట బాగా పాడే అమ్మాయిని, వాయిద్యం వాయించే అబ్బాయిని వేదిక ఎక్కిస్తాం, వాళ్ల చదువు, వాళ్ల ఇల్లు, వాళ్ల మనసులో ఉన్న టెన్షన్ ఏమిటని కూర్చుని అడిగే మనిషి ఉండడు. పదిహేను పదహారేళ్లకు వాళ్లు మాయమైపోతారు, అప్పుడు లోకంలోకి వెళ్లిపోయారని బాధపడతాం. లోకంలోకి వెళ్లలేదండీ. మనతో ఉన్నప్పుడే వాళ్ల చేయి పట్టుకున్నవాళ్లు లేరు.

మంచి ప్రసంగీకులు లేరని కాదు నేను అనేది. ఇంట్లో ముసలివాళ్లు, మంచం పట్టినవాళ్లు ఫోనులో వాక్యం విని ఓదార్పు పొందుతున్నారు, మా అత్తగారు అందులో ఒకరు. కానీ ఫోనులో ఉన్న దైవజనుడు నా కోపం చూడలేదు, నేను ఆయన కోపం చూడలేదు. ఆయన మంచివాడే అయి ఉండొచ్చు. ఆయన మంచితనం నాకు అంటుకునే దారి లేదు.

ఇంకో రకం గురువులున్నారు, వాళ్ల గురించి రాయకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. మా దగ్గరి బంధువుల అబ్బాయి, ఇంజినీరింగ్ చదివినవాడు, ఒక నాయకుడి వెంట పడ్డాడు. మొదట్లో బాగానే ఉంది, తాగుడు మానేశాడు, ప్రార్థన చేసేవాడు, మేమంతా సంతోషించాం. ఏడాది తిరిగేసరికి ఉద్యోగం ఏది చేయాలో ఆయనే చెప్పాలి, పెళ్లి ఎవర్ని చేసుకోవాలో ఆయనే చెప్పాలి, తల్లి ఫోను ఎత్తొచ్చా లేదా అన్నది కూడా ఆయనే చెప్పాలి. వాళ్ల అమ్మ వెళ్లి అడిగితే, "అభిషేకించినవారిని ముట్టకుడి" అన్న వాక్యం చూపించి పంపించారు. ఆ వాక్యాన్ని ఇలా అడ్డం పెట్టుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా కడుపు మండుతుంది. దావీదు అభిషేకం పొందిన రాజు, అయినా అతను పాపం చేసినప్పుడు నాతాను ప్రవక్త ఎదురుగా నిలబడి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు, దావీదు నాతాను తల తీయించలేదు, తన పాపం ఒప్పుకున్నాడు. పౌలు చెప్పిన మాట నిజమో కాదో బెరయ అనే ఊరివాళ్లు లేఖనాలు తీసి రోజూ చూసుకునేవాళ్లట, దానికి వాళ్లను మెచ్చుకున్నారు గానీ తప్పు పట్టలేదు. ప్రశ్న అడగనివ్వని గురువు దగ్గర భయం నేర్చుకుంటాం, అబద్ధం చెప్పడం నేర్చుకుంటాం, పైకి ఒకటి లోపల ఒకటి నేర్చుకుంటాం. శీలం అబ్బదు. తల్లిదండ్రులు దయచేసి ఇది గమనించుకోండి. మీ పిల్లలకు ఆత్మీయ తండ్రి అని చెప్పుకునే మనిషి, మీ ఇంట్లో మీ ఎదురుగా కూర్చుని మాట్లాడటానికి ఇష్టపడతాడా, తన లెక్కలు, తన నడత అడిగే పెద్దలు ఆయనకు ఎవరైనా ఉన్నారా, అని చూడండి.

మళ్లీ మా టీచరమ్మ దగ్గరికి వస్తాను. మా ఊళ్లో క్రైస్తవుల్లోనే రెండు పేటలున్నాయి, ఏ పేటలు అన్నది తెలుగు పాఠకులకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఒకే బైబిలు, ఒకే పాటలు, కానీ ఒక పేటవాళ్లు రెండో పేటలో మంచినీళ్లు తాగేవాళ్లు కాదు. గుడిలో కూడా తెలియకుండానే అటు వాళ్లు అటు, ఇటు వాళ్లు ఇటు కూర్చునేవాళ్లు. టీచరమ్మ దీని మీద ఒక్క పాఠం చెప్పిన గుర్తు లేదు. రెండు చాపలు పరిచేది కదా, పెద్దవాళ్లకు ఒకటి, చిన్నవాళ్లకు ఒకటి. పేటలను బట్టి కాదు, వయసును బట్టి. సోమవారం ఇళ్లకు తిరిగేటప్పుడు ఏ ఇంటికి వెళ్లినా ముందుగా "కాసిని మంచినీళ్లు ఇవ్వమ్మా" అని అడిగేది. దాహం వేసినా వేయకపోయినా అడిగేది, ఇది నేను పెద్దయ్యాక ఆమెతో తిరిగినప్పుడు గాని నాకు అర్థం కాలేదు. ఒకే పూట నాలుగిళ్లలో నాలుగు గ్లాసుల నీళ్లు తాగింది. ఎందుకు టీచరమ్మా, ఇప్పుడేగా తాగారు అంటే, "వాళ్ల పిల్లలు చూడాలమ్మా" అంది. అంతే. ఆ చాపల మీద కలిసి కూర్చున్న మాలో ముగ్గురు ఇప్పుడు రెండు పేటల మధ్య వియ్యమందారు. ఊరు దాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోలేదు, ఆ కథ ఇంకోసారి.

ఆమె పోయి తొమ్మిదేళ్లయింది. ఆమె నోటుబుక్కులు పన్నెండు, వాళ్లబ్బాయి నాకు తెచ్చిచ్చాడు. నా పేరు వెతికాను. ఆ క్రిస్మస్ వారం నా గడిలో హాజరు వేసి ఉంది, పక్కన చిన్న అక్షరాలతో, "నా తప్పు. ఇంటికెళ్లి చెప్పాలి" అని. కింద ఇంకో రోజు వేరే సిరాతో, "చెప్పాను."

ఇప్పుడు నేను కూడా ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. మాఘమాసం దాటాక మా పల్లె నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్లిపోతాయి, పిల్లల్ని కూడా తీసుకెళతారు, నా గడుల్లో వరసగా చుక్కలు పడతాయి. మొన్న కోతల్లో ఒక శనివారం నేనూ ఇంకో టీచరూ బస్సెక్కి వాళ్లు దిగిన చేలగట్టు దాకా వెళ్లాం. టార్పాలిన్ గుడిసెలు, కాయలు ఆరబోసిన కళ్లం, ఘాటుకు దగ్గు ఆగదు. ఎనిమిదో తరగతి చదివే పిల్లాడొకడు మమ్మల్ని చూసి చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు, మిరప మంటకు చేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "మీరు ఇంత దూరం మా కోసమేనా ఆంటీ?" అన్నాడు. ఏదో పాఠం చెబుదామని పటం తీసుకెళ్లాను, అది సంచిలోంచి తీయనేలేదు. పిల్లలతో కాయలు ఏరుతూ కూర్చున్నాం. వాణ్ణి బడి మానిపించొద్దని వాళ్ల నాన్నతో గంటసేపు వాదించాను, జూన్‌లో మళ్లీ బడికి వెళ్లాడు, వెళుతున్నాడు. రేపటి సంగతి దేవుడికి తెలుసు.

సంఘ పెద్దలను నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. సంవత్సరానికి ఒకసారి టీచర్లకు శాలువా కప్పి కూర్చోబెట్టమని అడగడం లేదు. ఒక్కో టీచరుకు పది మందికి మించి పిల్లలను అప్పగించకండి, పేర్లు గుర్తుండాలి. ఇళ్లకు వెళ్లడానికి బస్సు చార్జీలు సంఘం ఖాతాలోంచి ఇవ్వండి. యవ్వనస్థుల బాధ్యత అప్పగించేటప్పుడు, ఎంత బాగా మాట్లాడతాడని కాదు, ఆ మనిషి ఇంట్లో వాళ్లు ఆయన గురించి ఏమంటారో కనుక్కోండి. ఏ పిల్లనైనా, పిల్లవాణ్ణయినా ఒక్క పెద్దమనిషితో తలుపులు వేసి ఉన్న గదిలో ఒంటరిగా ఉంచకండి, ఇది నమ్మకం లేక చెప్పేది కాదు, నమ్మకం నిలబడాలని చెప్పేది. పాస్టరు గార్లు నెలకు ఒకసారైనా ప్రసంగం మానేసి ఆ చాప మీద పిల్లల పక్కన వచ్చి కూర్చోండి. మీరు ఎవరి చేయి పట్టుకుని ఇంతవరకు వచ్చారో ఆ మనిషి పేరు, మీరు ఎక్కడ తప్పిపోయి ఎవరి వల్ల లేచారో ఆ సంగతి వాళ్లకు చెప్పండి, సభలో సాక్ష్యంలాగా కాదు, ఇంట్లో తాత చెప్పినట్టు.

సంపాదకులు గారూ, మీకు కూడా ఒక మనవి. వచ్చే సెప్టెంబర్‌లో గురువుల గురించి పేజీలు వేసేటప్పుడు మీ విలేకరిని ఒక ఆదివారం మా లాంటి పల్లె గుడికి ఏదైనా ఒకదానికి పంపండి. గుళ్లకేమీ కొదవ లేదు, ఏ రోడ్డు పట్టుకున్నా దొరుకుతాయి. పొద్దున ఎనిమిదిన్నరకే వెళ్లమని మాత్రం చెప్పండి. ఆరాధన వేళకు వెళితే అప్పటికే చాపలు చుట్టి మూలన పెట్టేసి ఉంటాయి, టీచరమ్మ ఎవరో పోల్చుకోవడం కష్టం.

ఇట్లు,
ఒక సండేస్కూలు టీచరు,
ప్రకాశం జిల్లా